నీళ్ల బుడ్డ వచ్చిన దారి

మొదటి రోజు: కడప నుంచి కర్నూలు

పొద్దున ఆరు గంటల బస్సుకు కడపలో బయల్దేరాను. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల దాటుకుంటూ కర్నూలుకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. శివరాత్రికి ఇంకా పన్నెండు రోజులుంది. చలి ఇంకా శివశివా అనలేదు కాబట్టి నంద్యాల దాకా కిటికీ అద్దం మూసుకునే కూర్చున్నాను. ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మా అక్క స్కాన్ ఫిల్ములు, ఆపరేషన్ కాగితాలు.

అక్కను పత్తికొండ దగ్గరి పల్లెకు ఇచ్చాం. బావకు నూట ఇరవై గొర్రెలు, రెండెకరాల చేను. మూడేళ్ల కిందట అక్కకు కుడి డొక్కలో ఏదో బరువు పెట్టినట్టు ఉందని మొదలైంది. రెండు ముద్దలు తింటేనే కడుపు నిండిపోయేది. గ్యాస్ అన్నారు. రెండేళ్లు గ్యాస్ మాత్రలు మింగింది. ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో గొట్టం వేసి చూసి, ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో అని పంపేశారు. అక్కకున్నది టెన్షన్ కాదు, కార్జంలో తొమ్మిది సెంటీమీటర్ల నీటి తిత్తి. పోయిన ఆగస్టులో కర్నూలులో స్కాన్ తీసిన డాక్టరమ్మ తెర మీద చూస్తూనే అడిగింది: "ఇంట్లో గొర్రెలున్నాయా? కుక్క ఉందా?" అంతకు ముందు రెండేళ్లలో ఆ రెండు ప్రశ్నలు ఒక్కరూ అడగలేదు.

దీన్ని హైడాటిడ్ జబ్బు అంటారు. కుక్క పేగుల్లో బతికే ఒక చిన్న బద్దెపురుగు దీనికి మూలం. బారెడు పొడవుండే బద్దెపురుగు కాదు, బియ్యపు గింజ కంటే పెద్దది కాదు. నేను హైస్కూల్లో బయాలజీ చెబుతాను. బద్దెపురుగుల పాఠం వచ్చినప్పుడల్లా దీని బొమ్మ కూడా బోర్డు మీద గీసేవాణ్ణి. కుక్క నుంచి గొర్రెకు ఒక బాణం, గొర్రె నుంచి మళ్లీ కుక్కకు ఇంకో బాణం. పక్కన సన్నగా ఒక గీత గీసి, దాని చివర మనిషి. ఆ చివర నిలబడింది మా అక్కే అని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. అందుకే నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఆ బొమ్మలో ఉన్న చోట్లన్నీ ఒకసారి నడిచి చూడాలనిపించింది.

మధ్యాహ్నం ఆపరేషన్ చేసిన సర్జన్ గారిని కలిశాను. కొత్త స్కాన్ చూసి బాగుందన్నారు. తిత్తి తీయడం మామూలు గడ్డ తీసినట్టు కాదని ఓపిగ్గా చెప్పారు. చుట్టూ గాఢమైన ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు పేర్చి, లోపలి నీళ్లు ఒక్క చుక్క కడుపులో పడకుండా తీయాలట. పడితే ఒళ్లు ఒక్కసారిగా ఎదురుతిరిగి ప్రాణం మీదికి రావచ్చు, లేదా ఆ చుక్కలోంచే ఇంకో పది తిత్తులు పుట్టొచ్చు. ఆపరేషన్ తర్వాత అక్క నెలల తరబడి ఆల్బెండజోల్ మాత్రలు మింగింది.

కర్నూలుకు ఇది కొత్త జబ్బేమీ కాదు. ఇక్కడి హైడాటిడ్ జబ్బు మీద 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో పెద్ద వ్యాసం అచ్చయింది. నేను పుట్టకముందే ఈ జిల్లా పేరు, ఈ పురుగు పేరు పక్కపక్కనే ఉన్నాయన్నమాట. అయినా గొర్రెలు కాచుకునే ఇంటి ఆడమనిషి డొక్క నొప్పని వస్తే గ్యాస్ మాత్ర రాసి పంపుతున్నారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

రెండో రోజు: తెల్లవారి గొర్రెలు కోసే చోట, సాయంత్రం రోళ్లపాడు

ఆదివారం. నాలుగున్నరకే లేచాను. నా స్నేహితుడికి తెలిసిన మాంసం అంగడి ఆయన, రమ్మన్నాడు. ఊరి అంచున రేకుల షెడ్డు, సిమెంటు అరుగు, ఒక బల్బు. అప్పటికే ఆరు పొట్టేళ్లు కొక్కేలకు వేలాడుతున్నాయి. షెడ్డు బయట చీకట్లో కుక్కలు. మొరగడం లేదు, పోట్లాడుకోవడం లేదు. రోజూ వచ్చేవి కాబట్టి ఎప్పుడు ఏం పడుతుందో వాటికి తెలుసు. లెక్కపెడితే పదకొండు.

"నీళ్ల బుడ్డలు సూడల్లంటివి కదా సార్, వయసు పొట్టేళ్లలో పెద్దగా కనపడవు. ముసలి గొర్రెల్లో సూడాల" అన్నాడాయన. ఆయన చదివింది ఎంతో నేనడగలేదు గానీ ఆ మాట అక్షరాలా నిజం. గొర్రె వయసు పెరిగే కొద్దీ తిత్తులు పెరుగుతాయి. ఏడాది లోపు అమ్ముడయ్యే పొట్టేలులో అవి ఉన్నా కంటికి ఆనవు. అరగంట తర్వాత ఒక ముసలి గొర్రెను కోశాడు. ఊపిరితిత్తులు తీసి అరుగు మీద పరిచి నన్ను పిలిచాడు.

గులాబీ రంగు మెత్తటి కండలోంచి తెల్లగా మూడు బుడ్డలు ఉబికి ఉన్నాయి. పెద్దది నిమ్మకాయంత. వేలితో నొక్కితే తాటిముంజలాగే జారుతోంది, లోపల నీళ్లు కదులుతున్నట్టు తెలుస్తోంది. గ్లోవ్స్ వేసుకుని నా దగ్గరున్న గాజు మూతలో పెట్టించుకుని కత్తి మొనతో గుచ్చమన్నాను. నీళ్లు చివ్వున లేచాయి, బావినీళ్ల కంటే తేటగా ఉన్నాయి. లోపలి నుంచి పల్చటి తెల్లపొర వచ్చింది, ఉడికిన కోడిగుడ్డు పెంకు కింద ఉండే పొర లాంటిది. బల్బు వెలుగులో మూత వంచి చూస్తే అడుగున సన్నటి ఇసుక లాంటిది. డాక్టర్లు దాన్ని హైడాటిడ్ ఇసుక అనే అంటారు. ఒక్కో రేణువూ ఒక పిల్ల పురుగు తల. ఒక్క బుడ్డలో వేలుంటాయి. కుక్క తింటే ఒక్కో తలా పేగు గోడను కరుచుకుని ఒక్కో పురుగవుతుంది. ఆరేడు వారాల్లో గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఆ గుడ్లు కుక్క మలంతో బయటపడి గడ్డి మీద, కుంట గట్టున, ఆకుకూర మడిలో, కుక్క బొచ్చులో ఉంటాయి. గొర్రె గడ్డితో పాటు తింటుంది. మనం చెయ్యి కడుక్కోకుండా అన్నంతో పాటు తింటాం.

ఆయన మిగతా రెండు బుడ్డలున్న ముక్క కోసి, ఎప్పట్లాగే, షెడ్డు బయటికి విసిరాడు. అది నేల మీద పడ్డట్టే లేదు. ఒక గోధుమ రంగు కుక్క గాల్లోనే అందుకుంది.

పదేళ్లుగా నేను బోర్డు మీద గీస్తున్న బాణం అదే. కళ్లముందు రెండు సెకన్లలో జరిగిపోయింది.

నా మొహం చూసి ఆయన నొచ్చుకున్నాడు. "తప్పా సార్? చెడిపోయిన ముక్క జనానికి అమ్మకూడదని కోసి పారేస్తాం." నిజమే, ఆయన నీతిగా చేస్తున్న పనే అది. నేను తెలిసినంత చెప్పాను. ఈ బుడ్డ ఉన్న గొర్రె మాంసం వండుకు తింటే మనిషికి ఈ జబ్బు రాదు, మాంసానికి భయపడక్కర్లేదు. కుక్క నోట్లో పడకుండా లోతుగా పూడిస్తే, కాలిస్తే, లేదా అరగంటకు పైగా బాగా ఉడకబెడితే చాలు. ఆయన షెడ్డు వెనక చోటు చూపించి "ఈడ గుంత తీపిస్తా, మూత కూడా పెట్టిస్తా" అన్నాడు. మాట వరసకు అన్నట్టు లేదు. ఎంత లోతు కావాలో కూడా అడిగాడు. కుక్క తవ్వలేనంత అన్నాను.

ఉగ్గాని, బజ్జీ తిని స్నేహితుడి బైక్ మీద నందికొట్కూరు దాటి రోళ్లపాడు వెళ్లాం. అభయారణ్యం అంటే దట్టమైన అడవి అనుకుంటారు గానీ ఇది పచ్చిక బయలు. మోకాటి ఎత్తు ఎండు గడ్డి, అక్కడక్కడ రేగుచెట్లు. 1988లో ఈ ఆరు చదరపు కిలోమీటర్ల నేలను బట్టమేక పిట్ట కోసమే కేటాయించారు. మీటరు ఎత్తు ఉండే ఆ పక్షి ఒకప్పుడు ఇక్కడ ధీమాగా నడిచేది. ఇప్పుడు కనిపించదు. కృష్ణజింకలు మాత్రం మందలు మందలుగా ఉన్నాయి. చుట్టుపక్కల రైతులు వాటి మీద గుర్రుగా ఉన్నారు, పండిన చేలో పడితే వాళ్లకూ నష్టమే కదా.

సాయంత్రం పిల్లిగద్దలు వచ్చాయి. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి చలికాలానికి వచ్చే పక్షులు ఇవి. రాత్రి చెట్ల మీద కాదు, గడ్డిలోనే పడుకుంటాయి. పగలంతా చేలమీద తక్కువ ఎత్తులో తిరిగి ఎలుకల్ని, మిడతల్ని ఏరుకు తింటాయి. పురుగుమందు కొట్టిన చేలో మిడతలుండవు, ఈ గద్దా రాదు.

గేటు దగ్గర గొర్రెల కాపరి ఒకాయన తోడేళ్ల గురించి చెప్పాడు. తోడేలు ఉంది కాబట్టే మందకు కుక్క కావాలి. మంద కుక్కకు టీకాలు ఉండవు, పురుగు మాత్రలు ఉండవు. అది పడేసిన రోగం తోడేలుకు కూడా అంటుతుంది. రేబిస్ అయినా, డిస్టెంపర్ అయినా, ఈ బద్దెపురుగైనా. నేను గీసే బొమ్మలో తోడేలు, జింక ఇన్నాళ్లూ లేవు.

మూడో రోజు: పత్తికొండ దారి, ఊరి బయట

కోడుమూరు, దేవనకొండ మీదుగా బస్సు. నల్లరేగడి చేలలో శనగ కోతలు అయిపోతున్నాయి. కోసిన చేలల్లో అక్కడక్కడ గొర్రెల మందలు. రాత్రి చేలో మంద ఉంచితే పెంట, ఉచ్చ భూమికి ఎరువు, అందుకు రైతు కాపరికి డబ్బులో గింజలో ఇస్తాడు. యూరియా బస్తాలు రాకముందు నుంచీ ఉన్న ఒప్పందం. చూస్తుంటే మనసు కుదుటపడుతుంది.

అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. కొంచెం ఒళ్లు చేసింది. ఆమె వెనకే మంద కుక్క కర్రోడు, నల్లగా, ఒక చెవి చిరిగి. ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక అత్తమామలు ఆ కుక్కను ఊరవతల వదిలేస్తామన్నారట. అక్క ఒప్పుకోలేదు. "తోడేలు పడినప్పుడు చెవి పోగొట్టుకున్నది అదే కదరా. మనం దానికి మాత్ర వేయలేదు, అది మాకు పురుగునిచ్చింది. తప్పు దానిదెట్లయితాది?" అంది.

సాయంత్రం బావతో ఊరి బయట చచ్చిన పశువుల్ని పడేసే దిబ్బకు పోయాను. రెండ్రోజుల కిందట చచ్చిన ఎద్దు ఉంది. పొట్ట దగ్గర తినేసి ఉంది, మిగతాది ఈగలు. నాలుగు కుక్కలు మమ్మల్ని చూసి కదల్లేదు.

ఊరి పెద్దాయన ఒకరు, డెబ్బై దాటిన మనిషి, మా వెంట వచ్చాడు. "మా కాలంలో ఈడ కుక్కకు తావెక్కడిది నాయనా. ఎద్దును పడేసి ఇంటికి పోయి సద్ది తాగి వచ్చేలోగా రాబందులు బొమికలే మిగిల్చేవి. ఆకాశంలో ఏడ్నుంచి చూసేటివో ఏమో" అన్నాడు. ఎప్పుడు పోయాయి అంటే చెప్పలేకపోయాడు. ఒకరోజు చూసుకుంటే లేవు, అంతే.

ఎలా పోయాయో 2004లో తేలింది. పశువులకు నొప్పికి, జ్వరానికి వేసే డైక్లోఫెనాక్ సూది. ఆ మందు వేసిన పశువు చచ్చి, దాన్ని రాబందు తింటే మూత్రపిండాలు పాడై కొద్ది రోజుల్లో చస్తుంది. నూరు కళేబరాల్లో ఒక్కదానిలో ఆ మందున్నా జాతి నాశనానికి చాలు, ఎందుకంటే ఒక్క కళేబరం మీద పదులకొద్దీ వాలతాయి. 1990ల మొదట్లో ఉన్న తెల్లవీపు రాబందుల్లో 2007 నాటికి వెయ్యికి ఒకటి మిగిలింది. పశువుల కోసం డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో నిషేధించారు. మెలాక్సికామ్ అనే మందు అదే పని చేస్తుంది, రాబందును చంపదు. రాబందులు పోయినందువల్ల 2000 నుంచి 2005 దాకా మన దేశంలో సుమారు ఐదు లక్షల మంది అదనంగా చనిపోయారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో లెక్క తేల్చారు. కుళ్లిన కళేబరాలు, పాడైన నీళ్లు, పెరిగిన కుక్కలు, రేబిస్.

ఆ నాలుగు కుక్కల్ని చూస్తూ నేను అక్క కార్జం గురించే ఆలోచించాను. ఎద్దు నొప్పికి వేసిన సూదికీ, మా అక్క కడుపులో తిత్తికీ మధ్య ఇంత దగ్గరి దారి ఉందని ఎవరైనా చెబితే నిన్నటిదాకా నమ్మేవాణ్ణి కాదు.

దిబ్బ కింద వంద అడుగుల దూరంలో కుంట. గొర్రెలు అక్కడే తాగుతాయి, కుక్కలు అక్కడే తాగుతాయి. అక్క బట్టలు ఉతికేది అక్కడే. మా సీమ ఎండకు ఆరుబయట ఆ పురుగు గుడ్లు త్వరగానే ఎండి చస్తాయి. తడి, నీడ ఉన్న కుంట గట్టున మాత్రం నెలల తరబడి బతుకుతాయి. క్లోరిన్ కలిపినా చావవు, మరిగించాల్సిందే.

నాలుగో రోజు: మాత్ర

పొద్దున్నే బావ ఫోను చేసి పశువుల ఆస్పత్రి అసిస్టెంటును పిలిపించాడు. కుర్రవాడు, బాగా పనిమంతుడు. కర్రోణ్ణి తూకం వేయడానికి బావ దాన్ని ఎత్తుకుని గింజల కాటా మీద నిలబడ్డాడు, తర్వాత బావ ఒక్కడే నిలబడ్డాడు. తేడా పంతొమ్మిది కిలోలు. ఆ బరువుకు సరిపడా ప్రాజిక్వాంటెల్ మాత్ర. అక్క రొట్టె ముక్కలో బెల్లం, మాత్ర పెట్టి ముద్ద చేసి ఇచ్చింది. ఒక్క గుటక.

"ఇది పురుగును చంపుతాది, గుడ్డును చంపదమ్మా. రెండ్రోజులు కట్టేసి ఉంచండి. దాని మలం తీసి గుంతలో వేసి పైన మసిలే నీళ్లు పోయండి" అన్నాడు ఆ కుర్రవాడు. అక్క అప్పటికే పాత బిందె ఒకటి దానికని పక్కన పెట్టింది. రేబిస్ టీకా కూడా వేయించాం. పక్కింటి వాళ్లు గోడ మీంచి చూసి తమ కుక్కనూ పట్టుకొచ్చారు. మధ్యాహ్నానికి తొమ్మిది కుక్కలయ్యాయి. మాత్రలు అయిపోయాయి.

అన్నం తినేటప్పుడు ఆ కుర్రవాణ్ణి అడిగాను, ఈ ఊళ్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చినట్టు మీకు చెబుతారా అని. చెప్పరు సార్ అన్నాడు. అక్క ఆపరేషన్ సంగతి అతనికి ఆ రోజే తెలిసింది. తెలిసుంటే ఆగస్టులోనే వచ్చి ఊరి కుక్కలన్నిటికీ మాత్రలు వేసేవాణ్ణన్నాడు. మనుషుల ఆస్పత్రి, పశువుల ఆస్పత్రి ఒకే రోడ్డు మీద ఉంటాయి, ఒకరి రిజిస్టరు ఇంకొకరు చూడరు. వన్ హెల్త్ అని ఇప్పుడు పెద్ద పెద్ద సభల్లో అంటున్నారు, మంచిదే. మనుషుల వైద్యం, పశువుల వైద్యం వేరు కాదు ఒకటేనని 1960ల నుంచే వాదించిన కాల్విన్ ష్వాబే అనే అమెరికా పశువైద్యుడు చాలా ఏళ్లు పనిచేసింది ఈ హైడాటిడ్ మీదే. గొర్రెల దేశం ఐస్‌లాండ్‌లో ఒకప్పుడు ఇది ఇంటింటి జబ్బు. హరాల్డ్ క్రాబె అనే డెన్మార్క్ పశువైద్యుడు చెప్పిన సంగతులతో 1864లో చిన్న పుస్తకం అచ్చేసి జనానికి పంచారు. గొర్రె పేగులు, బుడ్డలు కుక్కకు వేయొద్దు, పూడ్చండి, కుక్కకు మందు వేయండి. 1869లో చట్టం కూడా చేశారు. తర్వాత తరాలకు ఆ జబ్బే లేకుండా పోయింది. ఆ రోజుల్లో స్కాన్లు లేవు, ఆల్బెండజోల్ లేదు. మన రాష్ట్రంలో 2019 పశుగణన ప్రకారం గొర్రెలు కోటీ డెబ్బై ఆరు లక్షలు, తెలంగాణ తర్వాత దేశంలో మనమే. మనం ఆ పుస్తకం లాంటిది ఒక్కటి తెలుగులో వేసి గొర్రెల సంతల్లో పంచలేమా?

అక్క ఇదంతా వింటూ జొన్నరొట్టె చేస్తూనే ఉంది. పిండి కలిపే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడిగింది. అన్నాలయ్యాక గోడ మీది క్యాలెండరు దించి నా ముందు పెట్టింది. మాత్ర మళ్లీ ఎప్పుడని అడిగింది. ఆరు వారాలకోసారి అన్నాను. వేలితో వారాలు లెక్కపెట్టుకుంటూ పోయి ఒక తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. చూస్తే ఉగాది మరునాడు.

"ఆ రోజు ఊరంతా పొట్టేళ్లు కోస్తారు" అంది బావ వైపు తిరిగి. "మాత్ర సంగతి తర్వాత. ముందు పండగ లోపల గుంత తీపించు."

బావ పార ఎక్కడుందని అడిగాడు.